గోడ గడియారం బారి నుంచి రోలెక్స్‌ను కాపాడండి

లోకంలో యుద్ధాలూ, వరదలూ, మండిపోతున్న ధరలూ ఉన్నమాట నిజమే. అయినా వాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రమాదం ఒకటి 2022లో ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో బయటపడింది. ఇద్దరు తల్లులు నడుపుకునే చిన్న సంస్థ ఒకటి పిల్లలకు టైము చూడటం నేర్పే రంగురంగుల గోడ గడియారాలు అమ్ముతోంది. పేరు ఆయిస్టర్ అండ్ పాప్. ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోబోతే రోలెక్స్ తరఫు లాయర్ల నుంచి శ్రీముఖం వచ్చింది. ‘ఆయిస్టర్’ (ఆల్చిప్ప) అన్న మాట వినగానే జనానికి మా ‘ఆయిస్టర్ పర్పెచువల్’ వాచీ గుర్తొస్తుంది, మా పరపతి మీద మీరు నాలుగు రాళ్లు వెనకేసుకుంటారు, కనుక పేరు మార్చుకోండి అని దాని సారాంశం.

నవ్వేవాళ్లు నవ్వుతారు. బాధ్యత తెలిసినవాళ్లు మాత్రం ఆ ప్రమాదం ఎలా ముంచుకొస్తుందో ఓపిగ్గా ఊహించుకోవాలి. ఒక పెద్దమనిషి వేల పౌండ్లు పట్టుకుని రోలెక్స్ కొనడానికి బయల్దేరతాడు. దారిలో పిల్లల గదికి తగిలించే గడియారం కంటపడుతుంది. గంటల ముల్లు ఒక రంగు, నిమిషాల ముల్లు ఇంకో రంగు. ‘ఓహో, స్విస్ పనితనమంటే ఇదన్నమాట’ అనుకుని కొనేస్తాడు. ఇంటికెళ్లి మణికట్టుకు కట్టుకోబోతాడు. పట్టీ కనపడదు. కొత్త మోడల్ కాబోలని సరిపెట్టుకుని, దాన్ని చంకలో పెట్టుకుని బోర్డు మీటింగుకు వెళ్తాడు. జెనీవాలో వందేళ్ల ప్రతిష్ఠ ఆ క్షణాన కుప్పకూలుతుంది.

ఇలాంటి పెద్దమనిషి ఉండడని మీరనుకోవచ్చు. బ్రిటన్, యూరప్ ట్రేడ్‌మార్క్ చట్టాల్లో ‘సగటు వినియోగదారుడు’ అనే ఒకాయన కాపురం ఉంటాడు. తీర్పుల ప్రకారం ఆయన విషయం తెలిసినవాడు, గమనించి చూసేవాడు, జాగ్రత్తపరుడు. లాయరు నోటీసులోకి అడుగుపెట్టేసరికి ఆయనకే ఏమవుతుందో గానీ, కనిపించిన ప్రతిదానికీ స్విట్జర్లాండ్ గుర్తొచ్చి కళ్లు తిరుగుతాయి.

పోనీ ఆయన పొరబడడని రుజువు చేద్దామంటే, పేరుమోసిన మార్కుల విషయంలో పొరబడటం కూడా అక్కర్లేదు. కొత్త పేరు చూసి పాతది గుర్తొచ్చి, ఆ పరపతిని అన్యాయంగా వాడుకున్నట్టయినా, దాని ప్రత్యేకత పలచబడినా, మచ్చపడినా కేసు నిలుస్తుంది. నోటీసులు మాత్రం ‘గుర్తొస్తుంది’ దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాయి. ఉత్తినే గుర్తొస్తే సరిపోదనీ, ప్రత్యేకత పలచబడిందనాలంటే పాత మార్కు సరుకు కొనేవాళ్ల తీరులో మార్పు వచ్చిందనో, వచ్చే గట్టి అవకాశం ఉందనో చూపాలనీ యూరప్ న్యాయస్థానం 2008లోనే ఇంటెల్ కేసులో చెప్పింది. అంటే గోడ గడియారం పుణ్యమా అని రోలెక్స్ కొనడం మానుకోబోతున్న ఒక పెద్దమనిషిని ఎక్కడి నుంచైనా పట్టుకురావాలి.

ఇంత చిన్న కొట్టు సంగతి అంత పెద్దవాళ్లకు ఎలా తెలిసిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. ట్రేడ్‌మార్క్ దరఖాస్తులన్నీ బహిరంగంగా ప్రచురిస్తారు. వాటిని రోజూ జల్లెడపట్టి, అక్షరాల్లోనూ ఉచ్చారణలోనూ పోలిక ఉన్నవాటిని ఏరిపెట్టే నిఘా సేవలు చందా కడితే దొరుకుతాయి. ఆ జాబితా లాయరు బల్ల మీదికి వెళ్తుంది. లాయరు దగ్గర నోటీసు నమూనా ముందే సిద్ధంగా ఉంటుంది. ఈ మొత్తం ఏర్పాటులో ‘ఇది పిల్లల గడియారం కదా’ అని ఆలోచించే ఉద్యోగమంటూ ఎవరికీ ఉండదు.

తరగతుల పద్ధతి కూడా ఈ ఏర్పాటుకు అచ్చొచ్చింది. ట్రేడ్‌మార్కుల కోసం సరుకులనూ సేవలనూ విడదీసే అంతర్జాతీయ పట్టిక, నీస్ వర్గీకరణలో మొత్తం 45 తరగతులు: సరుకులకు 34, సేవలకు 11. నగలు, విలువైన లోహాలు, గడియారాలు 14వ తరగతి. ప్లాటినం చేతి గడియారమూ, తెల్లారగట్ట లేపే అలారమూ, పిల్లల గోడ గడియారమూ ఆ తరగతిలోనే. ఈ కలయిక నోటీసులో ఘనంగా కనిపిస్తుంది. ఒకే తరగతిలో ఉన్నంత మాత్రాన సరుకులు ఒకే తరహావి అయిపోవని బ్రిటన్ చట్టంలో 60ఏ సెక్షన్ చెబుతోంది. పాపం, ఆ సెక్షన్‌కు మాత్రం నోటీసులో చోటు సరిపోదు.

ఇక శ్రీముఖం అందుకున్న అల్పజీవి ఏంచేయాలి? మర్యాద ప్రకారమైతే లేచి నిలబడి చదవాలి. మొదటి పేజీలో కంపెనీ చరిత్ర ఉంటుంది. తర్వాత ఎన్ని దేశాల్లో ఎన్ని రిజిస్ట్రేషన్లున్నాయో పట్టిక, దాని వెనక అనుబంధాలు. చివర్లో కోరికలు: దరఖాస్తు వెనక్కి తీసుకోండి, పేరు మార్చండి, వెబ్‌సైట్ చిరునామా వదిలేయండి, ఇకమీదట ఆ మాటనూ దాన్ని పోలిన మరే మాటనూ వాడబోమని రాసివ్వండి. అన్నిటికంటే కింద, బొద్దు అక్షరాల్లో గడువు.

బొద్దు అక్షరాల్లో ఉన్న ఆ తేదీ లాయరుగారు వేసుకున్నది. చట్టం పెట్టిన తేదీలు వేరే ఉన్నాయి. బ్రిటన్‌లో దరఖాస్తు ప్రచురించాక అభ్యంతరం చెప్పడానికి 2 నెలలు, అభ్యంతరం చెప్పే ఉద్దేశముందని ముందుగా టీఎం7ఏ ఫారం పడేస్తే 3 నెలలు. అభ్యంతరం నిజంగా దాఖలైతే టీఎం8 ఫారంలో జవాబివ్వడానికి మీకు 2 నెలలు. ఈ 2 నెలలు దాటితే అంతే సంగతులు, దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. లాయరు వేసిన తేదీకి గుండె ఆగిపోయేవాళ్లు చాలామంది అసలు తేదీని మరిచిపోయి ఓడిపోతారు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే మాట్లాడుకోవడానికి 9 నెలల విరామం దొరుకుతుంది, దాన్ని 18 నెలల దాకా సాగదీయవచ్చు.

టీఎం8లో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: అవతలివాళ్లు తమ మార్కును నిజంగా వాడుతున్నట్టు రుజువు అడుగుతున్నారా? కొత్త దరఖాస్తు నాటికి నమోదై 5 ఏళ్లు నిండిన మార్కయితే అడగవచ్చు, అడిగితీరాలి. ఎందుకంటే రిజిస్టర్‌లో ‘గడియారాలన్నీ’ అని రాసుకున్న కంపెనీ, చేతి గడియారాలకు మాత్రమే వాడినట్టు తేలితే ఆ పోట్లాటలో దానికి చేతి గడియారాలే మిగులుతాయి. అప్పుడు పోలిక ప్లాటినానికీ పిల్లల గదికీ మధ్య. అడగకపోతే రిజిస్టర్‌లో ఉన్నదంతా వాళ్లదే. మన వైపు నుంచి కూడా సరుకుల పట్టీని ‘పిల్లలకు టైము నేర్పే గోడ గడియారాలు’ అని కుదించుకోవచ్చు. చాలా గొడవలు ఇక్కడే చల్లారతాయి.

నోటీసు తెలివిగా కలిపేసే రెండు విషయాలను విడదీయడం కూడా మర్యాద కాదు గానీ, విడదీద్దాం. దరఖాస్తుకు అభ్యంతరం వేరు, పేరు వాడకానికి అభ్యంతరం వేరు. మొదటిది ట్రేడ్‌మార్క్ ఆఫీసులో తేలుతుంది. అక్కడ ఓడినా దుకాణం బోర్డు పీకేయాల్సిన పని దానంతటదే రాదు, దానికి వాళ్లు కోర్టుకు వెళ్లాలి. ఆఫీసులో ఖర్చులు కూడా ప్రకటించిన కొలబద్ద ప్రకారమే వేస్తారు. గెలిస్తే మీ లాయరు ఫీజంతా వెనక్కి రాదు. ఓడితే రోలెక్స్ లాయర్ల ఫీజంతా మీ నెత్తిన పడదు. మొదటి సగం అందరూ చెబుతారు. రెండో సగం తెలియకే జనం పేర్లు మార్చుకుంటారు.

ఉత్తుత్తి బెదిరింపులకు విరుగుడుగా బ్రిటన్‌లో ఒక చట్టమూ ఉంది, 2017లో సవరించారు. పస లేని ఉల్లంఘన బెదిరింపు చేసినవాళ్ల మీద ఎదురు దావా వేయవచ్చు. బాగుందనుకునే లోపే మినహాయింపు: సరుకు మీద పేరు వేసేవాళ్లనూ, దిగుమతి చేసుకునేవాళ్లనూ బెదిరిస్తే ఈ చట్టం పలకదు. అమ్మే దుకాణాన్ని బెదిరిస్తేనే చిక్కు. అందుకే శ్రీముఖాలు నేరుగా తయారుచేసేవాళ్ల గడపకే వస్తాయి. చట్టం మీద పెద్ద కంపెనీలకున్నంత భక్తి మనకు లేదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి.

ఎక్కడ చెడుతుందంటే, మొదటి రోజు రాత్రే. ‘అయ్యా, మీ వాచీ పేరు చూసి సరదాగా పెట్టుకున్నాం’ అని కంగారులో కొట్టిన ఒక్క ఈమెయిల్ చాలు, అన్యాయంగా లాభపడాలన్న ఉద్దేశానికి సాక్ష్యం మనమే రాసిచ్చినట్టు. పేరు ఎలా పుట్టిందో చూపే పాత కాగితాలు, తేదీలతో సహా, ముందు ఒకచోట చేర్చుకోవాలి. జవాబు తర్వాత.

పెద్దవాళ్లు ప్రతిసారీ గెలుస్తారనీ కాదు. తన ముద్ర అయిన కిరీటాన్ని పోలిన కిరీటంతో డెన్మార్క్ దుస్తుల కంపెనీ ఒకటి దరఖాస్తు పెట్టుకుంటే రోలెక్స్ యూరప్ జనరల్ కోర్టు దాకా వెళ్లింది. వాచీలూ బట్టలూ ఒక తరహా సరుకులు కావని 2023 జనవరిలో కోర్టు తేల్చింది. చొక్కా తొడుక్కుని టైము చూడబోయే ప్రమాదం అలా తప్పింది.

అసలైన కళాఖండం మాత్రం హామిల్టన్ కేసు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో ఒకప్పుడు రైల్వేలకు జేబు గడియారాలు చేసిన అమెరికన్ కంపెనీ అది. 1969లో తయారీ స్విట్జర్లాండ్‌కు వెళ్లిపోయింది, ఇప్పుడు పేరు స్వాచ్ గ్రూప్‌ది. ఆ పాత జేబు గడియారాలను బంగారం, వెండి తొడుగుల (కేసుల) కోసం కరిగించేసి లోపలి యంత్రాలను పారేస్తుంటారు. కొలరాడోలోని వోర్టిక్ అనే చిన్న సంస్థ ఆ యంత్రాలను ఏరి, బాగుచేసి, అసలు డయలూ అసలు ముళ్లతో సహా తాను చేసిన కొత్త తొడుగులో బిగించి చేతి గడియారంగా అమ్ముతుంది. డయలు మీద హామిల్టన్ అని ఉంటుంది, ఉండక ఏంచేస్తుంది, అది హామిల్టనే కదా. 2017లో హామిల్టన్ దావా వేసింది: హామిల్టన్ చేసిన యంత్రం మీద హామిల్టన్ అన్న పేరు కనపడటం మా హక్కులకు భంగం అని. చెత్తబుట్టలో ఉన్నన్నాళ్లూ ఆ పేరుకు భంగం కలగలేదు, చెత్తలోంచి తీసి నడిపించాకే కలిగింది. వోర్టిక్ తన పేరును తొడుగు మీద వేసి, ఏది పాతదో ఏది కొత్తదో ప్రకటనల్లో విడమర్చి చెప్పింది. అదే కాపాడింది. బాగుచేసిన పాత సరుకును ఆ సంగతి చెప్పి అసలు పేరుతో అమ్మవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1947లో స్పార్క్ ప్లగ్గుల కేసులోనే చెప్పి ఉంది. 2020లో కింది కోర్టు, 2021లో అప్పీలు కోర్టు వోర్టిక్ పక్షానే నిలిచాయి. అప్పటికి నాలుగేళ్లు గడిచిపోయాయి. నాలుగేళ్లు లాయర్లను పోషించడం ఎవరికి కష్టమో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం వ్యంగ్యం పక్కనపెట్టాలి. టెక్సస్‌లోని బెకర్‌టైమ్ కూడా పాత వాచీలే అమ్మింది, కానీ రోలెక్స్‌వి కాని బెజెల్‌లు (అద్దం చుట్టూ ఉండే వలయాలు) తగిలించి, డయళ్లకు వజ్రాలు పొదిగి, ‘అసలు సిసలు రోలెక్స్’ అని అమ్మింది. అది ఉల్లంఘనేనని 2024లో అక్కడి ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు అన్నది సబబే. అయితే రోలెక్స్ ఏళ్ల తరబడి ఊరుకుని ఆలస్యంగా మేలుకుంది కాబట్టి లాభాలు కక్కించే అవకాశం ఇవ్వలేదు. దొంగ సరుకు మీద పోరాడేవాళ్లకు ఎవరూ అడ్డురారు. అడ్డొచ్చేదల్లా ఆ ఫిరంగినే పిల్లల గదివైపు తిప్పినప్పుడు.

‘మేం ఊరుకుంటే మార్కు పోతుంది, చట్టమే మమ్మల్ని ఇలా చేయిస్తోంది’ అన్నది వాళ్ల శాశ్వత విలాపం. పోలిన పేర్లు గుంపులుగా పెరిగితే మార్కు బలం తగ్గే మాట నిజమే. కానీ మార్కు పూర్తిగా చచ్చిపోయేది ఆ పేరు సరుకు పేరే అయిపోయినప్పుడు. అమెరికాలో ఆస్పిరిన్‌కూ ఎస్కలేటర్‌కూ అదే జరిగింది. ‘గోడ మీద ఆయిస్టర్ చూసి ఎన్నయిందో చెప్పు’ అని అడిగే ఇల్లు భూమ్మీద ఒక్కటీ లేదు.

కనుక కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు పేరు వెతుక్కునేటప్పుడు ప్రకృతిలో ఏది ఖాళీగా ఉందో ముందు చూసుకోవాలి. ఇరవై కోట్ల ఏళ్లకు పైగా సముద్రంలో బతుకుతూ నమోదు చేసుకోవాలన్న ఇంగితం లేకపోయిన ఆల్చిప్ప 1926 నుంచి రోలెక్స్‌ది. నాటిలస్ అనే మరో సముద్రజీవి పటెక్ ఫిలిప్ అనే వాచీ కంపెనీది. ఓక్ చెట్టు, ముందు రాయల్ అని చేరిస్తే, ఆడెమార్ పిగే అనే ఇంకో వాచీ కంపెనీది. నక్షత్రమండలం (కాన్‌స్టలేషన్) ఒమేగా వాచీలది. ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్ వంశం పేరు కూడా, ఇంకో వాచీ పేరుగా, రోలెక్స్ చేతిలోనే ఉంది.

అక్షరమాల సంగతి మరీ సున్నితం. 1894లో తన యంత్రానికి గ్రీకు ఆఖరి అక్షరం పేరు పెట్టుకున్న ఒమేగా, 1925లో పుట్టిన ఆల్ఫా ఫై ఒమేగా అనే అమెరికన్ విద్యార్థి సేవాసంఘం నగల మీద తన పేరు నమోదు చేసుకోబోతే అభ్యంతరం చెప్పింది. ఆ వ్యవహారంలో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు 2016లో ఉత్తర్వు ఇచ్చింది. గ్రీకు అక్షరాలు మొత్తం 24. ఒకటి పోగా 23. చిన్న వ్యాపారులు వాటిలో క్సై, ఉప్సిలాన్ లాంటివి చూసుకోవడం మేలు. ఉచ్చారణలో పోలిక ఉందని వాదించాలంటే ముందు లాయరుగారు దాన్ని పలకాలి కదా.