జవాబు రాకపోతే శత్రువేనా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యంలో పిల్లలున్న ఇళ్లు ఎన్నో. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయంటే ఆ ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. శత్రువు వల్ల వచ్చే ముప్పు తెలిసే తల్లిదండ్రులు కొడుకును పంపుతారు. సొంత క్షిపణి వల్ల ముప్పుంటుందని ఎవరూ అనుకోరు.

2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాం దగ్గర అదే జరిగింది. పాక్ విమానాలతో పోరు సాగుతున్న వేళ, మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. అందులోని ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు.

ఆకాశంలో ఎగిరేది మనదో శత్రువుదో తెలుసుకోవడానికి నేల మీది వ్యవస్థ కోడ్‌తో ఒక ప్రశ్న పంపుతుంది. విమానంలోని పరికరం సరైన జవాబిస్తే అది మనదని తెలుస్తుంది. జవాబు రాకపోతే మాత్రం శత్రువని తేలినట్టు కాదు. బడ్గాంలో ఆ పరికరం ఆపేసి ఉంది. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధంలో అమెరికా పేట్రియాట్ క్షిపణి బ్రిటన్ టోర్నడో విమానాన్ని కూల్చినప్పుడు పరికరం పనిచేయలేదు. తమ మీదికే క్షిపణి వస్తోందనుకున్న పేట్రియాట్ సిబ్బందికి ఆలోచించుకోవడానికి దక్కింది సుమారు ఒక నిమిషం. 1994లో ఉత్తర ఇరాక్ మీద అమెరికా యుద్ధ విమానాలు తమ రెండు హెలికాప్టర్లనే కూల్చి 26 మందిని చంపాయి. అక్కడ హెలికాప్టర్లలో పెట్టిన కోడ్ వేరు.

ఖరీదైన పరికరాలు కొంటే సరిపోతుందన్న వాదనను మేము ఒప్పుకోం. 2024 డిసెంబరులో ఎర్ర సముద్రంలో అమెరికా యుద్ధనౌక తమ ఎఫ్-18 విమానాన్నే కూల్చింది. ఇద్దరు పైలట్లు ప్రాణాలతో బయటపడటం అదృష్టం. క్షిపణి వదలాలా వద్దా అని తేల్చుకునే ఆ ఒక్క నిమిషంలో కొత్తగా ఆలోచించడం ఎవరికైనా కష్టమే. తిరిగొచ్చే మన విమానాలకు ఏ దారి, ఏ ఎత్తు, ఎవరి అనుమతితో క్షిపణి వదలాలి, సమాచార లైన్ తెగిపోతే ఏం చేయాలి అన్నవి శాంతికాలంలోనే పదేపదే సాధన చేయించాలి.

ఇది మన తీరానికీ సంబంధించిన విషయం. విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగాలోనే ఉంది. భోగాపురం విమానాశ్రయంతో ఈ ఆకాశంలో పౌర విమానాల రద్దీ ఇంకా పెరుగుతుంది. 2025 మే 7న విశాఖలో సైరన్లతో ప్రజలకు మాక్ డ్రిల్ పెట్టారు. నౌకాదళం, వైమానిక దళం, భోగాపురం ట్రాఫిక్ కంట్రోలర్లు కలిసి చేసే డ్రిల్ కూడా అంతే అవసరం.

బడ్గాంలో తప్పు జరిగిందని వైమానిక దళాధిపతి బహిరంగంగా ఒప్పుకున్నది 2019 అక్టోబరులో. ఒప్పుకోవడం మంచిదే, కానీ ఆ ఆరు కుటుంబాలకు ఏడు నెలలు చాలా ఎక్కువ. ఇలాంటి ఘటనల్లో ప్రాథమిక నిజాన్ని కుటుంబాలకు ఎన్ని రోజుల్లో చెప్పాలో రక్షణ శాఖ గడువు పెట్టాలి.