తల్లిని తలుపు బయట ఉంచితే ఇన్ఫెక్షన్ ఆగుతుందా?

నెలలు నిండకుండా కిలో బరువుతో పుట్టిన బిడ్డ ఒంట్లో రక్తం మొత్తం కలిపితే ఓ చిన్న టీ గ్లాసుడు. అందులోకి క్రిమి చేరితే పెద్దవాళ్లకు కాసినట్టు జ్వరం కాయాలనేమీ లేదు. పాలు తాగదు, ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి ఉండుండి ఆగుతుంది. రక్తంలో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు రావడానికి రెండు రోజులు పడుతుంది, ఆలోపే చేయి దాటిపోవచ్చు.

'పుట్టుకతోనే బలహీనం, తట్టుకోలేకపోయింది' అని సరిపెట్టుకుంటాం. అది సగమే నిజం. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో 2011 నుంచి 2014 దాకా 13 వేలకు పైగా పసికందులను గమనించి చేసిన అధ్యయనంలో, రక్తంలో ఎక్కువగా దొరికినవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా. ఆస్పత్రి సింకుల్లో, గొట్టాల్లో, మనుషుల చేతుల మీద బతికే క్రిములివి. ఆ అసినెటోబాక్టర్‌లో 82 శాతం రకరకాల యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు. కల్చర్‌లో క్రిమి తేలిన పిల్లల్లో దాదాపు సగం మంది దక్కలేదు. ఇంకా పెద్ద మందు రాయడం ఒక్కటే దారి అనుకుంటే ఎలా?

మందు ఎక్కించడానికి పసిబిడ్డ నరంలో పెట్టే పసుపు రంగు గొట్టం, కాన్యులా, దాని మూతి ఎంతుంటుంది, బియ్యపు గింజకు కాస్త పెద్దది. మందు ఎక్కించే ప్రతిసారీ దాన్ని స్పిరిట్ దూదితో గట్టిగా రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు సిరంజి పెట్టాలి. రాత్రి షిఫ్టులో ఒకే నర్సు పది మంది పిల్లలను చూసుకుంటూ, ఒకపక్క మానిటర్ మోగుతుంటే, ప్రతిసారీ అలా ఆగడం ఎలా కుదురుతుంది? నేను నర్సును తప్పుపట్టను, ఆమెకు తోడుగా ఇంకో ఇద్దరిని వేయనివాళ్లను అడుగుతాను.

ఇక తల్లి సంగతి. పసికందుల వార్డు తలుపు దగ్గర 'లోపలికి వస్తే ఇన్ఫెక్షన్' అని ఆమెనే ముందు ఆపేస్తాం. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో 3 వేలకు పైగా తక్కువ బరువు బిడ్డలపై చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మన దేశం నుంచి అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి ఉంది. పుట్టిన వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచిన పిల్లల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి, సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే ప్రమాదకర ఇన్ఫెక్షన్, అనుమానించిన కేసులు కూడా తగ్గాయి. బిడ్డను ముట్టుకునే చేతులు తగ్గుతాయి, తల్లి పాలు వెంటనే అందుతాయి, ఒంటికి వార్డు క్రిముల బదులు అమ్మ చర్మం మీది క్రిములు అలవాటవుతాయి. నాకు తోచే కారణాలివే.

అందుకు కావలసింది బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ పక్కన తల్లికి ఒక మంచం, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి, ఒక గౌను. చాలాచోట్ల ఆమె ఇప్పటికీ ఆపరేషన్ కుట్లతో వరండాలో కూర్చుని, పిండిన పాలు గిన్నెలో పోసి లోపలికి పంపిస్తోంది.