రుద్దితే చెరిగే పెన్నుకు, రోహిణి కార్తె నుంచి

హన్మకొండ,
మే నెల ఆఖరు.

రుద్దితే చెరిగే జెల్ పెన్ను గారికి,

రోళ్లు పగిలే ఎండలో రాస్తున్న ఉత్తరం ఇది. జర నీడపట్టున కూసొని చదువు. నీ గండం అరవై డిగ్రీల దగ్గర ఉంటది కద. ఆ అరవై మా దగ్గర ఎంత సులువుగ దొరుకుతదో నీకు ఎవ్వరు చెప్పి పంపినట్టు లేరు.

నీ పుట్టుక జపాన్‌ది. వేడికి రంగు మారే సిరాను పైలట్ కంపెనీ వాళ్లు 1975లోనే తయారు చేసిండ్రు. దాన్ని చెరిగే పెన్నులోకి ఎక్కించి బజారుకు తెచ్చేసరికి 2006 అయింది, అది కూడ ముందు యూరప్‌లో. ముప్పై ఏండ్ల ఓపిక. దానికి దండం పెట్టాల్సిందే.

నీ సిరాలో ఉన్నయి కంటికి ఆనని గుళికలు, మైక్రాన్లలో కొలిచేటివి. ఒక్కో గుళికలో ముగ్గురి కాపురం: రంగుకు మూలమైన పదార్థం ఒకటి, దాంతో కలిసి ఆ రంగును తేల్చేది ఇంకొకటి, వేడిని చూసి పెత్తనం చేసేది మూడోది. మొదటి రెండు కలిసి ఉన్నంత సేపు అక్షరం కనిపిస్తది. నీ తోకకున్న గట్టి రబ్బరుతో రుద్దితే రాపిడికి వేడి అరవై దాటుతది, మూడోది కరిగి వాళ్లిద్దరిని విడగొడ్తది. రంగు మాయం. సిరా ఎటూ పోదు, కాగితం మీదనే ఉంటది. అందుకే పెన్సిల్ రబ్బరుకు రాలినట్టు పొట్టు రాలదు. నువ్వు చెరపవు, దాచిపెడ్తవు. డబ్బా మీద ఆ ముక్క రాసుకుంటే బాగుండేది.

ఇగ మా సంగతి విను. చౌరస్తాలో మిట్టమధ్యాహ్నం అద్దాలెక్కించి కారు నిలిపితే, బయట నలభై నాలుగున్నా లోపల డ్యాష్‌బోర్డు మీద అరవై ఎప్పుడో దాటుతది. అక్కడ నీతోని రాసిన చిట్టీ పెట్టి గంట పని చూసుకొని వస్తే, రబ్బరు పని సూర్యుడే చేసి పెడ్తడు. పక్కనే పడి ఉన్న ఆర్టీసీ టికెట్టుది ఇంకో విచిత్రం. అది మిషన్‌లో వేడితోని అచ్చయ్యే కాగితం. దాంట్లో రంగు, దాని జోడీ ముందు విడివిడిగ ఉండి, వేడి తగిలితే కలుస్తయి. నీది వేడికి విడిపోయే కాపురం, దానిది వేడికి కుదిరే కాపురం. ఒకే అద్దం కింద ఒకే ఎండకు నువ్వు తెల్లబడ్తవు, అది నల్లబడ్తది. రెండింట్లో ఒక్కటి కూడ చదవరాదు.

కార్ల మర్చిపోయిన పెన్నుది మరీ అన్యాయం. రీఫిల్ నిండా సిరా ఉంటది, రాస్తే ఏమీ పడదు. అయిపోయిందనుకొని పారేస్తరు. ముందు ఒక గీత గీసి, కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగ పట్టి చూడాలె. తడి మెరిసి రంగు కనపడకపోతే సిరా ఉన్నట్టే. మూతపెట్టి, ప్లాస్టిక్ కవర్ల చుట్టి, మొన కిందికి ఉండేటట్టు డీప్ ఫ్రిజ్‌లో ఒక రాత్రి పెట్టాలె. సున్నా డిగ్రీలు దానికి సరిపోవు. మైనస్ పది దగ్గర రంగు తేలుడు మొదలైతది, నిండుగ రావాలంటే మైనస్ ఇరవై దాకా పోవాలె. ఐస్ గడ్డకట్టినంత మాత్రాన ఇంట్ల ఫ్రిజ్ ఆ పని చేస్తదని నమ్మకం లేదు. ఐస్‌క్రీమ్ దుకాణపాయనను బతిమాలుకునుడు మేలు. బయటికి తీసినంక పెన్ను మామూలు వేడికి వచ్చేదాక ఆగి రాయాలె. ఇంత సేవ చేయించుకునేది మా ఇండ్లల్ల అల్లుడొక్కడే.

వరంగల్‌ల మిర్చి కొనే ఏనుమాముల మార్కెట్‌కు మాత్రం నువ్వు రావద్దు. మిర్చి సీజన్ నడిచేదే ఎండాకాలంలో. కాంట కాడ రాసే బస్తాల లెక్క, తూకం, ధర తక్‌పట్టి మీదికి, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ మీదికి, ఎక్కుతయి. ఆ కాగితాన్ని రైతు బండి ట్యాంకు కవర్ల దోపుకొని పోతడు. నల్లటి కవరు, నడినెత్తిన ఎండ. ఇల్లు చేరేసరికి తెల్ల కాగితం మిగిలిందంటే, కొన్నాయన మాట మీద బతకాలె. ఆ పనికి బాల్ పెన్నే దిక్కు. దాని సిరా నూనెతో కలిపిన చిక్కటి ముద్ద, కాగితం పోగుల్లోకి దిగి పట్టుకుంటది.

లామినేషన్ దుకాణం నీకు యమలోకం. ఆ మిషన్ రోలర్ల వేడి వంద దాటే ఉంటది. నీతోని సంతకం పెట్టిన కాగితం ఒక దిక్కు నుంచి పోయి, ఇంకో దిక్కు నుంచి మెరుస్తూ, పదిలంగ, ఖాళీగ బయటికి వస్తది. జిరాక్స్‌ది ఇంకో తమాషా. గాజు పలక మీద బోర్లేసి కాపీ తీస్తే నీకేం కాదు. కాపీ మీద పడేది టోనర్, వేడితోనే కాగితానికి అతుక్కునే పొడి, అది ఎండకు చెక్కుచెదరదు. అంటే నకలు నిలుస్తది, అసలు పోతది! అదే కాగితం వెనక దిక్కు ఖాళీ ఉందని మళ్ల ప్రింటర్ల పెడితే మాత్రం, లోపల టోనర్‌ను అతికించే వేడికి ముందు దిక్కు రాత మొత్తం సాఫ్.

చెక్కుల విషయంలో నీ పేరు ముందే చెడింది. ఎవరన్నా ప్రేమగ పెన్ను చేతికిచ్చి "రాయండి సార్" అంటే, తోక దిక్కు ఒకసారి చూడాలె. తోకకు రబ్బరుంటే సొంత పెన్ను తీసుడే. సంతకం నిలిచే సిరాతో, అంకెలు పోయే సిరాతో ఉన్న చెక్కును ఒక్క అగ్గిపుల్ల సెగ చాలు మార్చనీకి.

నీకు నిజంగ సరిపోయే కొలువు ఒకటి ఉన్నది, టైలర్ దగ్గర. చాక్‌పీసు గీత లావు, నీ గీత సన్నం. కుట్టినంక ఇస్త్రీ పెట్టె ఆనిస్తే గీత మాయం. బ్లౌజు మెడకు, చంకల కోతకు నిన్ను మించింది లేదు. కని ముదురు రంగు బట్ట మీద గీసిన చోట పాలిపోయిన చార మిగులుతది, కాబట్టి ముందు ఒక ముక్క మీద గీసి, ఇస్త్రీ చేసి చూసుకోవాలె. ఇంకోటి, ఇస్త్రీతోని ఆపి ఉతకకుండ ఆ బ్లౌజును షికాగోలో ఉన్న బిడ్డకు పంపిండ్రనుకో. జనవరిలో అక్కడి చలి మైనస్ ఇరవై పట్టిన రోజు, కారు డిక్కీలో ఒక రాత్రి ఉన్న బ్లౌజు మీద హన్మకొండ టైలర్ గీసిన గీతలన్నీ, అంగుళాల లెక్కతో సహా, లేచి కూసుంటయి. పెండ్లికి పోయేటప్పుడు చూసుకుంటే నిన్ను తిట్టాల్నో టైలర్‌ను తిట్టాల్నో తెల్వదు.

నీ చుట్టాల గురించి ఎక్కువ రాయను. స్మార్ట్ పెన్ను ఉన్నది కద, మొన పక్కన చిన్న కెమెరా పెట్టుకున్నది, దానికి సన్న చుక్కలు అచ్చేసిన కాగితమే కావాలె. చుక్కల వరుసను చూసి ఏ పేజీలో ఎక్కడున్నదో గుర్తు పడ్తది. కిరాణ దుకాణంల కొన్న రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఇస్తే గుడ్డిది. నెలలకొద్ది చార్జింగ్ లేకుండ డ్రాయర్ల పడేస్తే బ్యాటరీ మళ్ల లేవకపోవచ్చు. స్క్రూడ్రైవర్, స్కేలు, టార్చి అన్నీ ఉన్న పెన్నుకు రీఫిల్ మాత్రం పొట్టిది, అదే సైజు దొరకక తిరగాలె. వైరు లేకుండ ఫోన్‌కు చార్జింగ్ పెట్టే పెన్నుల స్టాండుది ఇంకో కథ: ఫోన్ కొద్దిగ పక్కకు జరిగితే చార్జింగ్ నడవదు, నడుమ రూపాయి బిళ్లో, కాగితాల క్లిప్పో పడితే ఊరికె వేడెక్కుతది. అవును, దాని పక్కన నీతోని రాసిన నోట్‌బుక్ పెట్టొద్దు.

జూన్‌లో నాలుగు వానలు పడ్డంక మళ్ల కలుద్దాం. జవాబు రాయాలనుకుంటే నీ సిరాతోనే రాయి. పోస్ట్‌మన్ సంచిలో ఎండకు తిరిగి తిరిగి ఇక్కడికి చేరేసరికి అదేమైతదో చూడాలని ఉన్నది. తెల్ల కాగితం వచ్చినా పారెయ్యం, ఐస్‌క్రీమ్ దుకాణపాయనకు చెప్పి పెట్టినం.

ఇట్లు,
నీ మంచి కోరే
హన్మకొండ ఎండ