అమ్మేవాళ్లనే రుజువు అడుగుతారా?

ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఒక చిన్న అమ్మకందారు కొత్త కెమెరా లెన్స్ పంపిస్తే వారం తిరక్కుండా అదే డబ్బాలో గీతలు పడ్డ పాత లెన్స్ తిరిగొచ్చింది. డబ్బా మీద సీరియల్ నంబర్ ఒకటి, లోపలున్న లెన్స్ మీద ఇంకోటి. ప్యాక్ చేసేటప్పుడు తీసిన వీడియో ఉంది, రిటర్న్ పార్సిల్ టేపు కోస్తూ తీసిన వీడియో కూడా ఉంది. రెండూ అప్‌లోడ్ చేస్తే, అమ్మకం జరిగిన ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ ఆ అమ్మకందారుకి చెప్పిందేంటంటే రిఫండ్ వెళ్లిపోయింది, కేసు మూసేశాం అని. ఇలాంటి ఫిర్యాదులు మాకు కొత్త కాదు గానీ ఈసారి ఒళ్లు మండింది, ఎందుకంటే కొన్న మనిషి ఇచ్చిన రుజువల్లా 'పనిచెయ్యట్లేదు' అనే ఆప్షన్ మీద ఒక్క నొక్కు.

చెత్త అంటగట్టి ముఖం చాటేసే అమ్మకందారులూ ఉన్నారు, కాదనం. చేత్తో పట్టుకుని చూడకుండా కొనే వస్తువుకి రిటర్న్ హక్కు ఉండాల్సిందే. ప్లాట్‌ఫామ్‌లూ, రుజువు మాత్రం ఇద్దర్నీ అడగండి.

వాడేసి ట్యాగ్ మళ్లీ తగిలించి పంపేవాళ్లు, లోపలి పార్ట్స్ పీకేసి పంపేవాళ్లు, ఏకంగా ఖాళీ డబ్బా పంపేవాళ్లు, వీళ్లందరికీ పనికొస్తున్న సందు ఒకటే: చాలాచోట్ల రిటర్న్ పార్సిల్‌ని కొరియర్ స్కాన్ చేస్తే చాలు, డబ్బు వెళ్లిపోతుంది. డబ్బాలో ఏముందో ట్రాకింగ్ నంబర్‌కేం తెలుసు? కిలో బరువున్న పార్సిల్ వెళ్లి పావుకిలోది వస్తే ఆ తేడా కొరియర్ రికార్డులోనే కనబడుతుంది కదా, అదైనా చూడొచ్చు కదా.

ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో 2008 నుంచి అమ్మేవాళ్లు కొన్నవాళ్లకి నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వడానికి లేదు, కాబట్టి ఒకర్ని ముంచినవాడు రెండోవాడి దగ్గరికి శుభ్రమైన పేరుతోనే వెళ్తాడు. వస్తువుని వాడేసి, పాడుచేసి పంపితే కొందరు అమ్మకందారులు రిఫండ్‌లో 50 శాతం వరకు కోసుకోవచ్చని అక్కడ రూల్ ఉంది, కానీ తిరిగొచ్చింది అసలు మన వస్తువే కానప్పుడు సగం కోసుకుని ఏం లాభం? అమెజాన్ అయితే 2018లో రిటర్న్‌లు మరీ ఎక్కువ చేస్తున్నారని కొందరు కస్టమర్ల అకౌంట్లే మూసేసింది. అంటే ఎవరు ఎన్నిసార్లు వెనక్కి పంపుతున్నారో లెక్క వీళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది, అదే లెక్క చిన్న అమ్మకందారు గొడవలో ఎందుకు తియ్యరు? యూరోపియన్ యూనియన్ 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్‌లో 14 రోజుల రిటర్న్ హక్కు ఇస్తూనే, వస్తువుని చూసుకోవడానికి అవసరమైనదానికి మించి వాడేసి దాని విలువ తగ్గిస్తే ఆ నష్టం కొన్నవాళ్లదే అని రాశారు. ఇద్దరికీ బాధ్యత పెట్టడం కుదరదనేవాళ్లు అది చదవాలి.

అమ్మకందారులకీ ఒక మాట. అనుమానం రుజువు కాదు. తేడా కనబడగానే 'దొంగ' అని మెసేజ్ కొట్టకండి, దారిలో కొరియర్ దగ్గరే మారిపోయి ఉండొచ్చు, గోడౌన్‌లో పొరపాటు జరిగి ఉండొచ్చు. టేపు కొయ్యకముందే కెమెరా ఆన్ చెయ్యండి, సీరియల్ నంబర్ రాసిపెట్టుకోండి, ఏం పంపారో ఏం వచ్చిందో అంతవరకే రాసి, గడువు దాటకుండా కేసు పెట్టండి.

ఇవన్నీ చేసినవాడికి కూడా న్యాయం జరక్కపోవడమే మా కోపం. ఇవాళ ఒక లెన్స్‌కి చెల్లిన మాట రేపు ఫోన్‌కి, ఎల్లుండి ల్యాప్‌టాప్‌కి చెల్లుతుంది, ఒకసారి చెల్లినవాడు మళ్లీ అదే చేస్తాడు, ప్లాట్‌ఫామ్‌లూ, మీరే అలవాటు చేస్తున్నారు. ఆ నష్టం చివరికి రేట్లలో కలుస్తుంది, ఏ తప్పూ చెయ్యని కొనుగోలుదారు కట్టాల్సొస్తుంది.

అమ్మకం జరిగిన క్షణంలో కమీషన్ కోసుకోవడం వచ్చిన మీకు రెండు నిమిషాల వీడియో చూడటం రాదా? అప్పీల్‌ని మనిషి చేత చదివించండి. సీరియల్ నంబర్లు కలవనప్పుడు రిఫండ్ ఆపండి. ముందు ఆ లెన్స్ కేసు తెరవండి, రెండు వీడియోలూ మీ దగ్గరే ఉన్నాయి.