నచ్చిందా అంటే రేటింగ్ చెబుతున్నాం

ఓ శుక్రవారం పొద్దున ఏడున్నరకి బెంగళూరు మడివాళ దగ్గర ఒక దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగుతున్న నలుగురు కుర్రాళ్లని మా పత్రిక సిబ్బందిలో ఒకరు చూశారు. తెల్లవారుజాము ఆట చూసి నేరుగా అక్కడికే వచ్చినట్టున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఒకడి జుట్టులో ఇంకా రంగు కాగితం ముక్కలున్నాయి. రెండు వన్ బై టూలు చెప్పి, నాలుగు గ్లాసులు ముందు పెట్టుకుని ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు. తండ్రి ఆస్పత్రిలో ఉన్న సీన్ దగ్గర తనకి ఏడుపొచ్చేసిందని ఒకడు సిగ్గుపడకుండా చెప్పాడు. 'అవున్రా, నాకూ' అన్నాడు ఇంకొకడు. నాలుగోవాడు అప్పటిదాకా ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఎత్తి, 'రెండున్నర ఇచ్చార్రా' అన్నాడు. అంతే, రెండు నిమిషాల్లో బల్ల దగ్గర మాట మారిపోయింది. సెకండ్ హాఫ్ లాగ్ అన్నారు. తండ్రి సీన్ ఓవర్ అన్నారు. ఏడుపొచ్చిన కుర్రాడు కూడా 'అంటే, బీజీఎం వల్ల అలా అనిపించిందిలే' అని సర్దుకున్నాడు.

సినిమాల గురించి మనం మాట్లాడుకునే తీరు మీద మాకున్న దిగులంతా ఆ బల్ల దగ్గరే ఉంది. టికెట్ కొన్నది వాళ్లు, నిద్ర మానుకుని చూసింది వాళ్లు, ఏడ్చింది వాళ్లు. ఏమనుకోవాలో మాత్రం ఎక్కడో కూర్చున్న ఎవరో చెప్పారు. సినిమా ఎలా ఉందని అడిగితే ఈమధ్య మన మాట చెప్పడం మానేసి టాక్ చెబుతున్నాం. 'డివైడ్ టాక్ అండీ' అని చూసొచ్చినవాళ్లే అంటున్నారు. చూసొచ్చాక ఇంకా టాక్‌తో పనేమిటి?

వెళ్లేముందు టాక్ అడగడంలో తప్పేమీ లేదు. బెంగళూరులో తెలుగు కుటుంబానికి సినిమా అంటే జేబు చూసుకుని తీసుకునే నిర్ణయం. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే భార్యాభర్తలు ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఆదివారం మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లు, క్యాబ్, పాప్‌కార్న్ అన్నీ కలిపి నెల పాల బిల్లు దాటిపోతుంది. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న గంట అదనం. టికెట్ ధర పన్నులు కాక 200 రూపాయలు మించకూడదని కర్ణాటక ప్రభుత్వం 2025 సెప్టెంబరులో నిబంధన తెచ్చింది. 75 సీట్లు, అంతకన్నా తక్కువ ఉన్న ఖరీదైన హాళ్లకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ నెల గడవకముందే హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. మరోవైపు సింగిల్ స్క్రీన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. రోజూ బస్సెక్కడానికి 'మెజెస్టిక్' అంటాం కదా, ఆ చోటికి పేరిచ్చిన మెజెస్టిక్ థియేటర్ ఇప్పుడు లేదు. గాంధీనగర్‌లో కపాలి కూడా పోయింది. తక్కువ డబ్బుతో లోపలికి వెళ్లి, నచ్చకపోతే ఇంటర్వెల్‌కి లేచి వచ్చేసే వీలు తగ్గినకొద్దీ జనం ముందే ఎవరినో ఒకరిని అడుగుతారు. అడిగి తీరాలి కూడా. ఎవరిని అడుగుతున్నాం అన్న దగ్గరే మా పేచీ.

ఇదివరకు పక్కింటాయన్ని అడిగేవాళ్లం. ఆయన ఏ సినిమానైనా బాగుందనే అంటాడని తెలుసు కాబట్టి ఆయన మాటలోంచి కొంత తీసేసుకునేవాళ్లం. బావమరిదికి ఓ పట్టాన ఏదీ నచ్చదు, అతను 'పర్వాలేదు' అన్నాడంటే టికెట్లు బుక్ చేసెయ్యొచ్చు. మనిషి తెలిస్తే అతని మాటని ఎంతకి తీసుకోవాలో తెలుస్తుంది. ఇప్పుడు డాలస్‌లో గురువారం మధ్యాహ్నం ప్రీమియర్ పడుతుంది, ఇక్కడ మనకి అర్ధరాత్రి దాటుతుంది. ఇంటర్వెల్‌కే అక్కడో కుర్రాడు ఫోన్లో రెండు లైన్లు కొడతాడు. మనం పళ్లు తోముకునే వేళకి ఆ రెండు లైన్లే 'యూఎస్ టాక్' అయిపోయి మారతహళ్లి పీజీ హాస్టళ్లలో గది గదికీ తిరుగుతుంటాయి. రాసినవాడు ఎవరి అభిమానో తెలీదు. సినిమా పూర్తిగా చూశాడో లేదో కూడా తెలీదు.

ఇక మార్కుల సంగతి. సినిమాకి చుక్కలు పెట్టడం లోకమంతా ఉన్నదే, పావు మార్కుల పిచ్చి మాత్రం మనకి ఎక్కువ. న్యూజిలాండ్‌లో పుట్టి ఇప్పుడు దేశదేశాల సినిమా పిచ్చోళ్లు వాడుతున్న లెటర్‌బాక్స్‌డ్ యాప్ కూడా అర చుక్క దగ్గరే ఆగింది. మనం 2.75 దాకా వెళ్లాం. 3 అంటే బాగుందని ఒప్పుకున్నట్టు, 2.5 అంటే పోయిందని చెప్పేసినట్టు. గోడ మీద పిల్లికి కూర్చునే చోటు కావాలి కదా, దానికే ఆ పావు.

ఈ మాట అనే హక్కు మాకు పూర్తిగా లేదని తెలుసు. మేమూ ఏళ్ల తరబడి చుక్కలు పెట్టాం. ఒకసారి మా సమీక్షకుడు 2.5 ఇచ్చి పంపితే, పాటల గురించి బాగా రాశాడు కదా అని డెస్క్‌లో ఒకరు 2.75 చేశారు. పాటలకి ఇచ్చిన ఆ పావు దేంట్లోంచి తెచ్చారని ఆయన ఫోన్ చేసి అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ సమీక్ష ఎనిమిది వందల మాటలు. మర్నాడు మాకు వచ్చిన ఫోన్లన్నీ ఆ అంకె గురించే, ఒక్కరూ రాసిన దాని గురించి మాట్లాడలేదు.

సగటు లెక్క ఇంకో మాయ. ఒక పెద్ద హీరో సినిమాకి పది మంది ఓటేశారనుకోండి. అభిమానులు అయిదుగురు పదికి 10 ఇచ్చారు, అవతలి హీరో అభిమానులు అయిదుగురు 1 ఇచ్చారు. సగటు 5.5. ఆ పది మందిలో ఒక్కరికి కూడా సినిమా 5.5గా అనిపించలేదు, అయినా ఫోన్ తెర మీద కనిపించేది అదే. ఈ బెడద తెలుసు కాబట్టే ప్రేక్షకుల ఓట్లతో రేటింగ్ ఇచ్చే ఐఎండీబీ సైటు మామూలు సగటు కట్టకుండా ఓట్లకి వేర్వేరు బరువులిచ్చి లెక్క చూస్తుంది, ఆ సూత్రం మాత్రం బయటపెట్టదు. విమర్శకుల సమీక్షలు లెక్కేసే రాటెన్ టొమాటోస్ సైట్లో 90 శాతం చూసి సినిమాకి 90 మార్కులొచ్చాయని మురిసిపోయేవాళ్లని మేం చాలామందిని చూశాం. నూరు మంది విమర్శకుల్లో తొంభై మంది మొత్తమ్మీద మెచ్చుకున్నారని మాత్రమే దానర్థం. ఆ తొంభై మందీ 'ఏదో, ఒకసారి చూడొచ్చు' అని ఉన్నా అంకె మారదు.

నిర్మాతలు ఈ గొడవకి కోర్టుల్లో మందు వెతుకుతున్నారు. 2024 చివర్లో తమిళ నిర్మాతల సంఘం ఒకటి, సినిమా విడుదలైన మొదటి మూడు రోజులూ సమీక్షలు రాకుండా ఆపమని మద్రాసు హైకోర్టుకి వెళ్లింది. కోర్టు అలా నిషేధించడానికి ఒప్పుకోలేదు. తర్వాత దారి మార్చారు. టికెట్లు అమ్మే యాప్‌లో రేటింగ్ కనిపించాల్సిన చోట, కోర్టు ఆదేశం మేరకు రేటింగులు, సమీక్షలు ఆపేశామన్న ముక్క కొన్ని కన్నడ, తెలుగు సినిమాలకి కనిపించింది. పనిగట్టుకుని సినిమాని చంపే ముఠాలున్నాయన్న వాళ్ల బాధ ఉత్తదేం కాదు. మొదటి ఆట పడకముందే ఒకటి వెంట ఒకటి ఒకటో మార్కులు పడిపోతుంటే ఏ నిర్మాతకైనా కడుపు మండుతుంది. కానీ ఆ మంట ఒక వైపే ఎందుకుంటుందో మాకు అర్థం కాదు. అదే నిర్మాత శనివారం పోస్టర్ మీద అయిదు వెబ్‌సైట్ల పేర్లు, ఒక్కోదాని పక్కన 3.25, 3.5 అని చుక్కలు అచ్చేయిస్తాడు. థియేటర్ గేటు దగ్గర మైకు పట్టుకున్నవాడి ముందు 'బొమ్మ బ్లాక్‌బస్టర్' అని అరిచే బృందం ఒక్కోసారి ఎవరి ఖర్చుతో వస్తుందో పరిశ్రమలో అందరికీ తెలుసు. మెచ్చుకునే అంకెలు ప్రచారానికి పనికొచ్చి, తిట్టే అంకెలు కోర్టుకి వెళ్లాలంటే కుదరదు. రెండు వందలు పెట్టి చూసినవాడికి నోరు విప్పే హక్కు ఆ క్షణం నుంచే ఉంది, మూడు రోజుల తర్వాత నుంచి కాదు.

మరి ఆ హక్కుతో అతను ఏం చెబుతున్నాడు? మన భాషలో ఒక చిన్న విశేషం ఉంది. 'సినిమా బాగుంది' అంటే వాక్యం అక్కడితో అయిపోతుంది, అన్నవాడు ఎక్కడా కనిపించడు. అదే 'నచ్చింది' అనండి, వెంటనే 'ఎవరికి?' అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. నాకు నచ్చింది, మా ఆవిడకి నచ్చలేదు, పిల్లలకి ఫైట్లు నచ్చాయి. నచ్చడానికి ఒక మనిషి ఉండాలి. టాక్, రేటింగ్ ఆ మనిషిని తీసేశాయి. 'పర్వాలేదు' అన్న మాటలోనే మనకి నాలుగు రకాలున్నాయి. తల ఊపుతూ అంటే ఒకటి, పెదవి విరుస్తూ అంటే ఒకటి, 'పర్వాలేదే!' అని ఆశ్చర్యపోతే ఇంకొకటి, 'పర్వాలేదులే' అని సాగదీస్తే మరొకటి. ఇక్కడ పక్క సీటు కన్నడ మిత్రుడు 'పరవాగిల్ల' అన్నా అదే కథ, గొంతు వింటే తప్ప అర్థం తేలదు. ఈ నాలుగింటినీ మనం 2.75లో పోసేశాం.

పోనీ మొదటిరోజు మార్కు అంత కచ్చితంగా ఉంటుందా అంటే, 2010 ఒక్క ఏడాదినే చూడండి. ఆ అక్టోబరులో వచ్చిన 'ఖలేజా', నవంబరులో వచ్చిన 'ఆరెంజ్' రెండూ దెబ్బతిన్నాయి. 'ఆరెంజ్' నిర్మాతని నిలువునా ముంచింది. 'ఖలేజా'ని టీవీలో చూసీ చూసీ జనం డైలాగులు కంఠతా పట్టారు. 2023లో 'ఆరెంజ్', 2025లో 'ఖలేజా' మళ్లీ థియేటర్లకి వస్తే హాళ్లు నిండాయి, పాటలకి ప్రేక్షకులే గొంతు కలిపారు. సినిమాలు అవే. చూసేవాళ్లు మారారు, వయసులు మారాయి, అంచనాలు పోయాయి. 2010లో తిట్టినవాళ్లు అబద్ధం చెప్పారని మేం అనం. ఆ రోజు, ఆ హాల్లో, ఆ అంచనాలతో వాళ్లకి నచ్చలేదు, అంతే. ఆ 'అంతే'ని ఎవరూ రాసి పెట్టలేదు, మార్కు మాత్రం మిగిలింది.

ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమాల మీద రాసినవి ఇవాళ పుస్తకంగా దొరుకుతున్నాయి. అందులోని సినిమాల్లో కొన్నింటి పేర్లు కూడా ఇప్పటివాళ్లకి తెలీవు. అయినా నవ్వుకుంటూ చదువుతాం, ఎందుకంటే అక్కడ ఒక మనిషి కూర్చుని సినిమా చూస్తున్నాడు. అందరూ రమణలా రాయాలంటే అయ్యే పనా? అక్కర్లేదు కూడా. జయనగర్ నుంచి మాకు ఒక పాఠకుడు కార్డులు రాస్తుంటారు. రిటైరైన ఉద్యోగి, ఇప్పటికీ పోస్టు కార్డే వాడతారు. ఏ సినిమా చూసినా ముందు థియేటర్ పేరు, ఆట, సీటు ఎక్కడ, వెంట ఎవరు వచ్చారు అన్నీ రాసి అప్పుడు విషయానికి వస్తారు. ఆ మధ్య వచ్చిన కార్డులో ఇలా ఉంది: 'మ్యాట్నీ. ముందు నుంచి మూడో వరస, మెడ పట్టేసింది. మా ఆవిడకి పూర్తిగా నచ్చింది. నాకు హీరో చెల్లెలి పెళ్లి దాకా నచ్చింది. తర్వాత నిద్ర పట్టింది కాబట్టి చెప్పలేను. లేచేసరికి విలన్ మంచివాడయ్యాడు.' ఆ సినిమాకి ఎన్ని చుక్కలో ఆయన రాయలేదు. మేం మాత్రం ఆ కార్డు చదివాక వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోగలిగాం. మాలో ఇద్దరు వెళ్లారు, ఒకరు మానేశారు.

వచ్చే శుక్రవారం నుంచి మా సినిమా పేజీలో చుక్కలు ఉండవు. వాటి స్థానంలో సమీక్షకుడు ఏ థియేటర్లో, ఏ ఆట, ఎంత టికెట్ పెట్టి, ఎవరితో కలిసి చూశారో రెండు లైన్లు ఉంటాయి. టికెట్ డబ్బు పత్రికే ఇస్తుంది, నిర్మాతలు పంపే పాసులు తీసుకోం. మొదటి రోజు చూడలేకపోతే సోమవారం రాస్తాం. నెల తిరక్కుండానే ఓటీటీలో వచ్చాక ఇంట్లో చూసి మనసు మార్చుకుంటే, ఆ సంగతీ పేరు పెట్టి రాస్తాం. పాఠకులు కూడా రాయొచ్చు, పేరు వద్దంటే పేట పేరైనా రాయండి. జయనగర్ పెద్దాయనని కార్డులు అచ్చేసుకోనిస్తారా అని అడిగాం. అక్షరాలు దిద్దకపోతే సరేనన్నారు. మా ప్రకటనల విభాగం వాళ్లకి ఈ నిర్ణయం నచ్చలేదు. ఎందుకో రాసివ్వమన్నాం.