వార్డు కంప్యూటరు గారికి విన్నపం

మహారాజశ్రీ కొత్త సిస్టమ్ గారి సముఖమునకు, విశాఖపట్నం నుంచి, తిరుగుతూనే ఉన్న తమరి గుండ్రటి చక్రం ముందు నిలబడి రాయునది.

తమరు ఇవాళ 12.50కి కునుకు తీసి 4.40కి లేచారు. ఆ మధ్యలోనే 2 గంటలకు డ్యూటీ మారింది. మెరోపెనెమ్ అనే యాంటీబయోటిక్ 1 గ్రాము డోసూ 2 గంటలకే: పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. వేళకే పడింది, కేస్ షీటులో టైమూ సంతకమూ ఉన్నాయి. తమరు లేచాక ‘ఇచ్చాం’ అని నొక్కితే, మందు ఇచ్చిన టైము వదిలేసి తమరు లేచిన టైము వేసుకున్నారు. దిద్దబోతే ఆ గడికి తాళం. పక్కనే ఎర్రగా ‘ఆలస్యం’. తర్వాతి డోసు రాత్రి 12.40కి జరిగింది! రక్తంలో మందు తగ్గిపోకూడదనే కదా ఎనిమిది గంటల లెక్క? పది గంటల నలభై నిమిషాలు ఆగమంటే సూక్ష్మక్రిములకు పండగే.

అది నయం. 1 గంటకు, భోజనానికి ముందు, వేసిన 10 యూనిట్ల ఇన్సులిన్ ఇంకా ‘పెండింగ్’ అని చూపిస్తున్నారు. వేసిన సిస్టర్ ఇంటికెళ్లిపోయింది. తెర మీద ఉన్నదే రికార్డని ట్రైనింగులో చెప్పింది మీవాళ్లే. దాన్ని నమ్మి ఇంకో 10 యూనిట్లు వేస్తే, షుగరు పడిపోయి పేషెంటు స్పృహ తప్పితే, మెమో ఎవరికొస్తుంది? నీకా?

14 అంకెల ఆభా నంబరు, అంటే ఆరోగ్య ఖాతా నంబరు, స్వచ్ఛందమే. నీ ఫారంలో మాత్రం నక్షత్రం గుర్తు. పాడేరు నుంచొచ్చిన ముసలమ్మ ఓటీపీ హైదరాబాదులో కొడుకు ఫోనుకెళ్తుంది. పుట్టినతేదీ తెలియనివాళ్లంతా జనవరి 1నే పుట్టారు. రిజిస్టర్లు రాయడం మాత్రం ఎవరూ ఆపమనలేదు.

ల్యాబ్ రిపోర్టుల కోసం మెట్లు దిగే పని తప్పించావు, డాక్టర్ల చేతిరాత బాధా తీర్చావు. కాదనం. అడిగేది రెండు గడులే: మందు ఇచ్చిన టైము ఒకటి, ఎంట్రీ కొట్టిన టైము ఒకటి. కాగితం మీద ‘లేట్ ఎంట్రీ’ అని రాసి సంతకం పెడితే సరిపోయేది. 2014లో హుద్‌హుద్‌కి ఊరంతా కరెంటు పోయినా బాల్‌పెన్ను హ్యాంగ్ అవలేదు.

రాత్రి మందు 10కే వేస్తాం. ‘ముందుగా ఇచ్చారు, కారణం రాయండి’ అంటావు. రాస్తాం, నీ పేరే.

ఇట్లు,
వార్డు సిస్టర్లు