కంచె చేను మేస్తుంటే

కాబూల్‌లో ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి లేదు. 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగి గద్దెనెక్కాక ఇదంతా కొన్నాళ్ల మాటేనన్నారు. 2022 మార్చి 23న బడులు తెరుస్తున్నామని పిలిచి, పుస్తకాలు పట్టుకుని వచ్చిన పిల్లల్ని ఆ పూటే ఇంటికి పంపేశారు. ఆ డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూశారు. 2024లో స్త్రీ గొంతు నలుగురిలో వినపడకూడదని చట్టం రాసి, ఏడాది చివర్లో నర్సింగ్, మంత్రసాని శిక్షణ కూడా ఆపించారు. మగ డాక్టరు ఆడవాళ్లను చూడరాదనే చోట, ఆడ నర్సు తయారు కాకూడదంటే కాన్పు ఎవరు చేయాలి? దీనికి వాళ్ల దగ్గర జవాబు లేదు. మతశాస్త్రం ఉంది, స్త్రీ గౌరవం కాపాడుతున్నామన్న మాట ఉంది.

ఒడిశాలోని బరంపురంలో కూర్చుని ఇది చదివి అయ్యో అనుకోవడం తేలికే. కానీ కాపాడుతున్నామనే మాట మన వీధుల్లోనూ తిరుగుతోంది. వేరే మతం కుర్రాడితో కనిపించిన అమ్మాయిని నిలదీసేవాళ్లూ, బురఖా లేకుండా ఎందుకొచ్చావని గద్దించేవాళ్లూ చెప్పేది అదే. ఆ అమ్మాయికి ఏం కావాలో మాత్రం ఎవరూ అడగరు. కాబూల్‌కూ మనకూ తేడా చాలా ఉంది: మనకు రాజ్యాంగం ఉంది, కోర్టుంది, ఓటుంది. అవి అక్కరకు రావాల్సిన రోజున గడప దాటి వస్తాయా అన్నదే మా సందేహం.

చట్టమే ఒక్కోసారి కంచె చేను మేసినట్టు ప్రవర్తిస్తుంది. మత మార్పిడిపై దేశంలో మొదట చట్టం చేసిన రాష్ట్రాల్లో ఒడిశా ముందుంది. ఆ 1967 చట్టం ప్రకారం బలవంతంగానో ఆశచూపో మతం మార్పిస్తే ఏడాది వరకు జైలు. మారినవారు మైనరో, స్త్రీయో, షెడ్యూల్డు కులాలు, తెగలవారో అయితే రెండేళ్లు. ఓటు వేసే, జీతం తెచ్చే, ఇల్లు నడిపే ఆడమనిషిని పసిపిల్లల వరసలో నిలబెట్టిన వాక్యమది. 1954 ప్రత్యేక వివాహ చట్టమూ అంతే. మతాంతర జంట ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి, దాన్ని ఆఫీసు గోడకు అంటించాలి. అభ్యంతరాల కోసం పెట్టిన ఆ గడువు, జంటను వెతుక్కుంటూ వచ్చేవాళ్లకే బాగా పనికొస్తోంది.

మాట ముదిరితే ఏమవుతుందో గంజాం, గజపతి జిల్లాలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పక్కనున్న కంధమాల్‌లో 2008 ఆగస్టు 23న విశ్వ హిందూ పరిషత్ నేత స్వామి లక్ష్మణానంద సరస్వతిని చంపారు. ఘోరమే. దాని పేరుతో ఆ హత్యతో ఏ సంబంధమూ లేని క్రైస్తవ పల్లెలు తగలబెట్టారు, ఒక క్రైస్తవ సన్యాసినిపై సామూహిక అత్యాచారం చేశారు, వేలమంది అడవుల పాలూ శిబిరాల పాలూ అయ్యారు. మతం కోసం కక్ష తీర్చుకుంటామన్నవాళ్లు మొదట వెతికింది మళ్లీ ఆడమనిషినే.

ఇక వారసత్వం సంగతి. 2001 మార్చిలో అఫ్గానిస్థాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలను తాలిబన్లు పేల్చేనాటికి ఆ లోయలో బౌద్ధులు లేరు. పూజే జరగని రాతి మీద అంత కోపమెందుకు? ఈ నేల మీద మరో రకంగా బతికినవాళ్లున్నారని ఆ రాయి సాక్ష్యం చెబుతోంది కనుక. అలాంటి సాక్ష్యం మన రుషికుల్య ఒడ్డున, అశోకుడి రాతి శాసనాలున్న జౌగడలోనూ ఉంది. కళింగ యుద్ధంపై పశ్చాత్తాపం చెప్పే పదమూడో శాసనాన్ని అశోకుడు ఇక్కడ చెక్కించలేదు (ఓడినవాళ్ల ముందు ఆ లెక్కలు చదవడం ఎందుకనుకున్నాడేమో!). అన్ని మతాలవాళ్లూ అన్ని చోట్లా నివసించాలనే ఏడో శాసనాన్ని మాత్రం చెక్కించాడు.

ఒకటి విడమరచి చెప్పాలి. మతం మారిన కొన్ని సవర గిరిజనుల ఇళ్ల గోడల మీద, వాళ్లు సంప్రదాయంగా వేసుకునే ఇడితాల్ బొమ్మలు ఇప్పుడు కనపడవు. దాన్ని బామియాన్‌తో కలిపి తిట్టేవాళ్లతో మేం ఏకీభవించం. తన ఇంటి గోడపై ఏం ఉండాలో ఆ ఇంటివాళ్లు నిర్ణయించుకుంటే అది వాళ్ల ఇష్టం. బొమ్మ చెరపమని గానీ, వేసి తీరాలని గానీ బయటివాడు కర్ర పట్టుకుని వస్తే అది దౌర్జన్యం. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చి, వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు. వారసత్వాన్ని కాపాడేవాళ్లమంటూ తిరిగే ఎంతమందికి ఆ భాషలో నాలుగు మాటలు వచ్చు?

జంటలకు రక్షణగా ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉండాలని సుప్రీంకోర్టు 2018లోనే ఆదేశించింది. గంజాం, గజపతి, రాయగడ కలెక్టర్లు ఆ నంబరును ఒడియాతో పాటు తెలుగులోనూ కాలేజీల్లో, బస్టాండుల్లో రాయించాలి. వివాహ నోటీసులను గోడ మీద నుంచి తీయించేలా రాష్ట్రం చట్ట సవరణ కోరాలి. మన తెలుగు సంఘాలు, కుల సంఘాలు కాబూల్‌పై తీర్మానాలు చేస్తే సంతోషమే. తమ సభ్యుల ఇళ్లలో చదువు మాన్పించిన, ఇష్టంలేని పెళ్లికి ఒప్పించిన ఆడపిల్లల గురించి కూడా అదే సమావేశంలో మాట్లాడాలి, ఆ సమావేశానికి ఆ పిల్లల్నీ పిలవాలి.